ఆరు గంటల ఓకే

మేము పోస్టుకు చేరింది మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు. సెప్టెంబరు రెండో వారం. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఆరు గంటల నడక. వీపు మీద ఇరవై రెండు కిలోల బరువు. ఎత్తు పదిహేను వేల రెండు వందల అడుగులు. ఆకాశం తేటగా ఉంది. గాలి పడమటి నుంచి వీస్తోంది. సున్నాకు నాలుగు డిగ్రీల కింద చలి. ఇవన్నీ ఆనాటి డైరీలో ఉన్నాయి. ఆ పేజీలో చివరి మాటలు: "చెట్టు లేదు. పక్షి ఒకటి కనిపించింది. నల్లది."

పోస్టు పేరు రాయను. ఉత్తర సరిహద్దులో ఒక గుట్ట వెన్ను మీద ఉందంటే చాలు. ఒక పెద్ద బంకరు, రెండు చిన్న బంకర్లు, వంటకు ఒక రేకుల గది. మొత్తం పదకొండు మందిమి. గుట్ట వెన్ను వెంబడి ఆరు వందల మీటర్లు ముందుకు పోతే ఇంకొక చిన్న చౌకీ ఉండేది. దాన్ని ముందు చౌకీ అనేవాళ్లం. అక్కడ ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. ఆరు రోజులకు ఒకసారి మనుషులు మారతారు. తేట రోజున అక్కడికి ఇరవై నిమిషాలు. మంచు పడితే గంట. మధ్యలో వంద మీటర్లు తాడు పట్టుకుని నడవాలి.

నేను హవల్దారును. వయసు నలభై రెండు. సర్వీసు ఇరవై మూడేళ్లు దాటింది. రేడియో నా బాధ్యత. నా కింద ఇద్దరు ఆపరేటర్లు. ముందు చౌకీ వాళ్లు గంటకొకసారి మమ్మల్ని పిలిచి 'ఓకే' చెప్పాలి. మేము లాగ్ పుస్తకంలో గంట, మాట రాసి సంతకం పెట్టాలి. పిలుపు రాకపోతే ఐదు నిమిషాలు చూసి మేమే పిలవాలి. జవాబు లేకపోతే పది నిమిషాల్లో మనుషులు బయలుదేరాలి. ఈ ఆర్డర్లు రేడియో పైన గోడకు అంటించి ఉండేవి. వాటిని రాసింది నేనే.

ఆ పోస్టింగులో నేను తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. మార్చికి నా ఇరవై నాలుగేళ్లు నిండుతాయి. అక్కడితో ఇంటికి పోవచ్చు. కావాలంటే ఇంకో రెండేళ్లు ఉండవచ్చు. దానికి ఒక కాగితం ఇస్తారు. అందులో రెండు వరుసలుంటాయి. సర్వీసులో కొనసాగడానికి ఇష్టం ఉంది అని ఒకటి, ఇష్టం లేదు అని ఒకటి. అక్కర్లేనిది కొట్టేసి కింద సంతకం పెట్టాలి. కనుమ మంచుతో మూసుకుపోక ముందు, అంటే సరుకులు మోసుకొచ్చి అక్టోబరు ఆఖరులో దిగిపోయే చివరి దళంతో ఆ కాగితం కిందికి చేరాలి.

ఇష్టం లేదు అని పెడతానని నా తమ్ముడికి మాట ఇచ్చి వచ్చాను.

మా ఊరు శిరివెళ్లకు, ఆళ్లగడ్డకు నడుమ ఉంది. ఎనిమిది ఎకరాల నల్లరేగడి. తమ్ముడి పేరు నరసింహులు. నాకంటే ఏడాది చిన్న. కర్నూలులో మిలిటరీ భర్తీ అని తెలిసినప్పుడు ఇద్దరం మూడు నెలలు కాలువ గట్టు మీద పరుగెత్తాం. వాడు ఎప్పుడూ నాకంటే ముందుండేవాడు. భర్తీ రోజున మైలు పరుగులో వాడు మూడోవాడిగా వచ్చాడు. నేను పందొమ్మిదో వాణ్ణి. తర్వాత డాక్టరు మమ్మల్ని వరుసలో నిలబెట్టి పాదాలు దగ్గరికి చేర్చమన్నాడు. తమ్ముడి మడమలు కలవక ముందే మోకాళ్లు తగిలాయి. డాక్టరు వాడి భుజం మీద చాక్‌పీసుతో ఒక గీత గీశాడు. అంతే. వాడు ఆ సాయంత్రం బస్సెక్కి ఒక్కడే ఊరికి పోయాడు. ఆ భుజం మీది సుద్ద ఎప్పుడు తుడుచుకున్నాడో నేను ఎన్నడూ అడగలేదు.

తర్వాత ఇరవై మూడేళ్లు నా వాటా సేద్యం కూడా వాడే చేశాడు. వాడికి మట్టికంటే ఇంజన్లంటే పిచ్చి. ట్రాక్టరు చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెప్పేవాడు. రోడ్డు పక్కన రిపేరు షెడ్డు పెట్టుకోవాలని వాడి కోరిక. నేను వచ్చి పొలం చూసుకుంటేనే అది కుదురుతుంది. అప్పటికి నాలుగేళ్ల ముందు సెలవులో వచ్చినప్పుడు మా ఒప్పందం జరిగింది. ఇరవై నాలుగు నిండగానే వచ్చేస్తాను, పొలం నాది, షెడ్డు నీది అన్నాను. వాడు ఆ రోజు అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

పోస్టులో శాటిలైట్ ఫోను ఒకటుండేది. శనివారం సాయంత్రం నాలుగు గంటల నుంచి, మనిషికి మూడు నిమిషాలు.

"అన్నా, ఇనపడతాందా?"

"వినపడతాంది. చెప్పు."

"నేల పదునుగా ఉండాది. ఈసారికి శెనగ నేనే ఏస్తాండా. వచ్చేసారి నువ్వే. షెడ్డుకి స్థలం మాట్లాడినా, శిరివెళ్లలో రోడ్డు మీదనే. మార్చిలో ఇస్తామన్నారు. నువ్వు సంతకం పెట్టినావా?"

"కాగితం ఇంకా రాలేదురా."

"వస్తానే పెట్టేయ్. ఆడ మంచులో కూచుని యోచన చేసుకుంటా ఉండొద్దు. ఇంద, వదిన మాట్లాడుతుందంట."

నా భార్య లక్ష్మీదేవి ఫోను అందుకుంది. "తింటాండారా?"

"తింటాండా."

"ఏం తింటాండారు?"

"డబ్బాలోది."

"డబ్బాలోది ఏందో చెప్పొచ్చు కదా."

చెప్పేలోపల మూడు నిమిషాలు అయిపోయాయి. అది బఠానీల కూర. తర్వాతి శనివారం చెప్పాను.

అక్టోబరు మొదటి వారంలో కాగితం వచ్చింది. నాలుగు మడతలు పెట్టి డైరీలో ఉంచాను. రోజూ డైరీ రాసేటప్పుడు అది జారి ఒడిలో పడేది. మళ్లీ లోపల పెట్టేవాణ్ణి.

ఎందుకు పెట్టలేదని ఎవరైనా అడిగితే సూటిగా చెప్పలేను. సెలవుల సంగతి చెబుతాను. ఇంటికి వస్తే మూడు రోజులు బాగుండేది. నాలుగో రోజు నుంచి నాలుగున్నరకే మెలకువ వచ్చేది. లేచి హైవే దాకా నడిచి నంద్యాల వైపు పోయే లారీలు చూస్తూ నిలబడేవాణ్ణి. తర్వాత పొలం గట్టు చుట్టూ నడిచేవాణ్ణి. ఒకసారి కాదు, నాలుగుసార్లు. తమ్ముడు నాగలి దగ్గర నిలబడి నవ్వేవాడు. "ఏందన్నా, కాళ్ల కింద మన్ను కాలుతాందా? ఇది పొలం. పోస్టు కాదు. ఈడికి ఎవురూ రారు." నా భార్య ఇంకో మాట అనేది. "మీరు ఇంట్లో ఉన్నా బస్టాండులో ఉన్నట్టే ఉంటారు."

పోస్టులో మాకొక ఆట ఉండేది. చీకటి పడక ముందు, నాలుగున్నరకు, పెద్ద బంకరులో బుఖారీ చుట్టూ కూర్చునేవాళ్లం. బుఖారీ అంటే కిరోసిన్ పొయ్యి. ఇనుప గొట్టం కప్పు మీదుగా బయటికి పోయి పొగను వదులుతుంది. ఆట ఏమిటంటే, ఫౌజులో, అంటే సైన్యంలో, ఎందుకు చేరావో చెప్పాలి. 'దేశం' అన్నవాడు మరుసటి రోజు అందరికీ మంచు కరిగించి నీళ్లు పెట్టాలి. మూడు గంటల పని అది. అందుకని ఎవరూ ఆ మాట అనేవాళ్లు కాదు.

వంటవాడు, మా అన్న కొట్టేవాడు, అందుకని పారిపోయి వచ్చాను అన్నాడు. నర్సింగ్ అసిస్టెంటు, మా ఇంట్లో తాత, నాన్న, బాబాయి అందరూ ఫౌజే, వేరే ఉద్యోగం ఉంటుందని పెద్దయ్యేదాకా తెలియదన్నాడు. పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్. గఢ్వాలు కొండల మనిషి. ఆయన హిందీలో తాపీగా చెప్పాడు. "మా కొండ దిగడానికి ఒకటే రోడ్డు. దాని మీద ఒకటే బండి వచ్చేది. అది భర్తీ బండి."

మా ప్రాంతం వాడు ఒకడు ఉన్నాడు. కోయిలకుంట్ల లాన్స్ నాయక్. ముప్పై ఒక్కేళ్లు. పొట్టివాడు, గట్టివాడు. నాతో తెలుగులోనే మాట్లాడేవాడు, మిగతావాళ్లకు హిందీలో తిరగేసి చెప్పేవాడు. వాడి వంతు వచ్చింది.

"మా మామతో నంద్యాలకు బస్సులో పోతాండా. జనం కిక్కిరిసి ఉండారు. ఒక మిలిటరీ ఆయన పెట్టె పట్టుకుని ఎక్కినాడు. ముగ్గురు లేసి సీటిచ్చినారప్పా! ముగ్గురు! ఆయన కూచోలేదు. నిలబడే వచ్చినాడు. ఆ సీట్లో నేను కూచున్నా. ఆ పొద్దే అనుకున్నా, పోతే దీనికే పోవాలని."

"ఇప్పుడు నీకు సీటు ఇస్తాండారా?" అని అడిగాను.

"యాడప్పా! సెల్లు చూసుకుంటా కూచుంటారు."

అందరూ నవ్వారు. నా వంతు వచ్చింది. నాకంటే బాగా పరుగెత్తినవాణ్ణి మోకాళ్ల పేరు చెప్పి పంపేస్తే ఆ ఖాళీలో నేను మిగిలాను, అనాలి. అది అనలేకపోయాను.

"దేశం" అన్నాను.

"మంచు! మంచు!" అని అందరూ అరిచారు. లాన్స్ నాయక్ నా చేతికి పార ఇచ్చాడు. "పెద్దోడివి అనుకున్నా అన్నా. నువ్వు కూడా దొంగవే."

మరుసటి రోజు ఏడు నుంచి పది దాకా మంచు కరిగించాను.

చేరడం ఎందుకో అందరూ చెప్పారు. ఇంకా ఎందుకు ఉంటున్నారని కమాండర్ అడిగినప్పుడు మాత్రం ఆట అక్కడితో ఆగింది. వంటవాడు లేచి టీ పెట్టాడు.

అక్టోబరు ఆఖరి వారం. లాన్స్ నాయక్, ఇంకొక సిపాయి ముందు చౌకీకి వెళ్లి నాలుగు రోజులైంది. ఐదో రోజు మధ్యాహ్నం మూడుకు మంచు మొదలైంది. తెల్లవారుజామున నాలుగుకు ఆగింది. పద్నాలుగు అంగుళాలు పడింది. సున్నాకు ఇరవై ఒక్క డిగ్రీల కింద చలి. కమాండర్ కిందికి పోయే దళాన్ని ఆ ఉదయమే బయలుదేరమన్నాడు. ఆలస్యమైతే కనుమ మూసుకుపోతుంది. ఉత్తరాల సంచీ ఆరు గంటలకు తన బంకరులో సీలు వేస్తానని, దళం ఆరుంబావుకు కదులుతుందని ఆర్డరు.

రేడియో దగ్గర నాలుగు నుంచి ఆరు దాకా నా డ్యూటీ. ఐదు గంటలకు లాన్స్ నాయక్ పిలుపు వచ్చింది.

"ఓకే అన్నా. ఇంకేం లేదు. జొన్నరొట్టె, చెనిక్కాయల చెట్నీ ఉంటే పంపీ."

"లాగ్‌లో రాయనా?"

"రాయి. రొట్టె నాట్ ఓకే అని రాయి." దగ్గాడు. "తలకాయ నొస్తాంది రవంత."

"తలుపు కొంచెం తీసి పెట్టు."

"తీస్తే పీనుగులమైపోతామన్నా. చలి."

లాగ్‌లో 'ఓకే' అని రాశాను. తలనొప్పి రాయలేదు. ఆ ఎత్తులో అందరికీ తలనొప్పే.

ఆ చలికి పెన్నులో ఇంకు గడ్డకట్టేది. రాయాలంటే చొక్కా లోపల, చంక కింద పావుగంట పెట్టుకోవాలి. లేదా బుఖారీ దగ్గర వేడి చూపాలి. వేడెక్కాక ఏడెనిమిది నిమిషాలు రాస్తుంది. మళ్లీ ఆగిపోతుంది. ఐదు యాభైకి పెన్ను వేడి చేశాను. డైరీలోంచి కాగితం తీశాను. మోకాలి మీద పెట్టుకుని రెండు వరుసలూ చదివాను. 'ఇష్టం లేదు' అనే వరుస కొట్టేశాను. కింద సంతకం పెట్టాను.

అంటే ఉంటానని.

అందులో ఆవేశం లేదు. తమ్ముడి మీద కోపం లేదు. తమ్ముడు గుర్తుకు రాలేదని కూడా చెప్పను. వచ్చాడు. గీత కొట్టేటప్పుడు వాడి ముఖం కనబడుతూనే ఉంది. కానీ ఆ బంకరులో గంటకొకసారి ఎవరో నన్ను పిలుస్తారు, నేను జవాబు చెప్పాలి. ఇంట్లో నా గంటలను అడిగేవాళ్లు లేరు. అంతకంటే పెద్ద కారణం ఆ రోజూ కనబడలేదు, తర్వాత వెతికినా కనబడలేదు.

పెన్ను ఇంకా రాస్తోంది. సంచీ ఆరుకు సీలు వేస్తారు. పిలుపు కూడా ఆరుకే వస్తుంది. నా తర్వాత డ్యూటీ రెండో ఆపరేటర్‌ది. మరాఠీవాడు, పదేళ్ల సర్వీసు. ఐదు యాభై ఐదుకు రావాలి. రాలేదు. తలుపు ముందు మంచు తవ్వుకుంటున్నాడు. పార చప్పుడు పది అడుగుల దూరంలో వినబడుతోంది. లాగ్ పుస్తకంలో తర్వాతి వరుసలో రాశాను. ఆరు గంటలు. ఓకే. సంతకం.

ఇరవై మూడేళ్లలో జరగని విషయం నేను ముందుగా రాయడం అది ఒక్కసారే. ఐదు యాభై ఏడుకు రేడియో వదిలి బయటికి వచ్చాను. వాడు ఇంకో నిమిషంలో లోపలికి పోతాడు, పిలుపు తీసుకుంటాడు అనుకున్నాను. వాడు పోయింది ఆరు రెండుకు. పుస్తకం చూశాడు. ఆరు గంటల పిలుపు నేను తీసుకునే లేచానని అనుకున్నాడు. అలా అనుకోవడంలో వాడి తప్పు లేదు. నా చేతిరాతను పోస్టులో ఎవరూ అనుమానించరు.

కాగితం కమాండర్‌కు ఇచ్చాను. ఆయన చదివి తల ఊపాడు. సంచీలో వేశాడు. సీలు వేశాడు. నాకు టీ పోశాడు. దళం ఆరుంబావుకు కదిలింది. వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి పోయి పడుకున్నాను. మనసు తేలికగా ఉంది. ఇది కూడా రాయాలి.

ఏడు గంటలకు పిలుపు రాలేదు. రెండో ఆపరేటర్ ఐదు నిమిషాలు చూసి పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. ఏడు పదికి కమాండర్‌కు చెప్పాడు. ఏడు ఇరవైకి నలుగురం బయలుదేరాం. నర్సింగ్ అసిస్టెంటు వీపు మీద ఆక్సిజన్ సిలిండరు. గాలికి పోగైన చోట్ల మంచు తొడల దాకా ఉంది. ఎనిమిదీ పావుకు చేరాం.

చౌకీ కప్పు మీద పొగగొట్టం కనబడలేదు. మంచు కింద ఉంది. బుఖారీ పొగ బయటికి పోయే దారి లేక లోపలే తిరిగింది. సిపాయి స్లీపింగ్ బ్యాగులో స్పృహ లేకుండా ఉన్నాడు. లాన్స్ నాయక్ తలుపు దాకా పాకి వచ్చాడు. తలుపు అడుగు మేర తెరుచుకుని ఉంది. వాడి కుడి చెయ్యి ఆ సందులోంచి బయటికి, మంచులోకి చాచి ఉంది. గ్లవ్సు లేదు. ఆ కొంచెం తలుపు తెరిచినందుకే ఇద్దరూ బతికారని నర్సింగ్ అసిస్టెంటు అన్నాడు.

పదకొండు నలభైకి మబ్బు విడిచింది. హెలికాప్టరు వచ్చి ఇద్దరినీ తీసుకుపోయింది. సిపాయి వారంలో కోలుకున్నాడు. లాన్స్ నాయక్ కుడిచేతి వేళ్లు నల్లబడ్డాయని మూడో రోజు రేడియోలో తెలిసింది.

ఆ మూడు రోజులు నా డైరీలో ఖాళీగా ఉన్నాయి. తేదీలు వేసి ఉన్నాయి. కింద ఏమీ లేదు. నా దగ్గరున్న డైరీలన్నిటిలో ఖాళీ పేజీలు అవే. బంకరులో కూర్చోలేకపోయేవాణ్ణి. ఎవరూ చెప్పకుండానే మంచు తవ్వేవాణ్ణి. తవ్విన చోటే మళ్లీ తవ్వేవాణ్ణి. ఐదు గంటలకు తల నొస్తోందన్నాడు. ఆరుకు పిలుపు రాలేదు. ఆరు ఇరవైకే మనుషులు కదిలి ఉంటే ఏడుంబావుకు చేరేవాళ్లు. ఒక గంట. ఆ గంటలో వేళ్లు దక్కేవా అని డాక్టర్లను నేను అడగలేదు. వాళ్లు చెప్పలేదు.

నా మీద ఎవరికీ అనుమానం లేదు. ఆరుకు ఓకే అని ఉంది కాబట్టి ఏం జరిగినా ఆరుకు, ఏడుకు నడుమ జరిగిందని అందరూ అనుకున్నారు. లాన్స్ నాయక్‌కు ఏమీ గుర్తు లేదట. నేను నోరు మూసుకుంటే నా కాగితం చెల్లుతుంది, ఇంకో రెండేళ్లు ఉంటాను. నోరు విప్పితే సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా పడుతుంది. ఎర్ర సిరా పడ్డవాడికి పొడిగింపు ఇవ్వరు. మార్చిలో ఇంటికి పోవాలి. తమ్ముడికి ఇచ్చిన మాట నిలబడుతుంది. నిజం చెబితే మాట నిలబడుతుంది, అబద్ధం నిలబెడితే మాట తప్పుతాను. ఇంత సులువుగా కనబడే లెక్కకు నాకు మూడు రోజులు పట్టింది. ఎందుకంటే నాకు ఉండాలని ఉంది.

నాలుగో రోజు ఉదయం పదకొండు గంటలకు కమాండర్ విచారణ కాగితాలు రాస్తూ రెండో ఆపరేటర్‌ను పిలిచాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఆరు రెండుకు కూర్చున్నావు. ఏడు దాకా ఏమీ వినలేదా? దగ్గు, మూలుగు, ఏదీ లేదా?"

"లేదు సాబ్."

"నిద్రపోయావా?"

"లేదు సాబ్. మా అమ్మ మీద ఒట్టు." పదేళ్ల సర్వీసున్న మనిషి.

"సాబ్, ఆరు గంటల ఓకే రాలేదు" అన్నాను. "ఐదు యాభై ఆరుకే నేను రాసి పెట్టాను. కాగితం సంచీలో వేయడానికి వచ్చాను."

కమాండర్ కలం కింద పెట్టాడు. రెండో ఆపరేటర్‌ను బయటికి పంపాడు.

"ఈ మాట రాస్తే నీ కాగితం పనికిరాదు. తెలుసా?"

"తెలుసు."

"ఉండాలని అంత కోరిక ఉన్నవాడివి, రేడియో ఎట్లా వదిలావు?"

లాగ్ పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. ఆరు గంటల వరుసను ఒకే గీతతో కొట్టేశాను. పక్కన 'పిలుపు రాలేదు. నేను ముందుగా రాశాను' అని రాసి సంతకం చేశాను. ఆయన కూడా పక్కన సంతకం చేశాడు.

జనవరిలో కింది నుంచి సందేశం వచ్చింది. రేడియో దగ్గర నేనే ఉన్నాను. తీవ్ర మందలింపు. పొడిగింపు నిరాకరణ. నా సందేశం నేనే తీసుకుని, చదివి వినిపించి సరిచూసి, సమయం వేసి సంతకం పెట్టాను.

ఆ శనివారం ఫోనులో తమ్ముడితో, మార్చిలో వస్తాండా అన్నాను. "మాట నిలబెట్టినావన్నా" అన్నాడు వాడు. ఇంకా రెండు నిమిషాలు మిగిలి ఉన్నాయి. కాగితం సంగతి నేను చెప్పలేదు.

మార్చిలో ఆళ్లగడ్డ బస్టాండులో దిగాను. మధ్యాహ్నం ఒకటీ ఇరవై. తమ్ముడు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. నా ట్రంకు పెట్టె నన్ను ముట్టుకోనివ్వలేదు. నెల తిరగకుండా శిరివెళ్లలో షెడ్డు పెట్టాడు. ఇప్పుడు కోయిలకుంట్ల నుంచి, జూపాడు బంగ్లా నుంచి కూడా వాడి దగ్గరికి బండ్లు వస్తాయి. పొలం నేను చూసుకుంటున్నాను. శెనగ వేస్తాను. నాలుగున్నరకు లేస్తాను. గట్టు చుట్టూ నాలుగుసార్లు నడుస్తాను. ఎవరూ రారు.

షెడ్డు గోడకు నా యూనిఫాం ఫోటో తగిలించాడు. కొత్తవాళ్లు ఎవరైనా అడిగితే, స్పానరుతో చూపిస్తూ చెప్పేవాడు. "మా అన్న. ఇంకా ఉండొచ్చు. నాకోసరం వదులుకుని వచ్చినాడు." ఏళ్ల తరబడి ఆ మాట వింటూ అక్కడ కూర్చుని టీ తాగాను. నంద్యాలలో ఒక కాలేజీవాళ్లు పిలిచి, మీరు ఎందుకు చేరారు, ఎందుకు కొనసాగారు, పిల్లలకు చెప్పండి అన్నారు. మైకు ముందు నిలబడి మళ్లీ దేశం అనే చెప్పాను. మంచు కరిగించమనే వాళ్లు అక్కడ ఎవరూ లేరు. ఇంటికి వచ్చి ఆనాటి డైరీ తీశాను. ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

అచ్చుకు పంపే ముందు షెడ్డుకు పోయి తమ్ముడికి చదివి వినిపించాను. ఒక హార్వెస్టరు కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నాడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు ఆగింది. బయటికి వచ్చి కూర్చున్నాడు.

"ఏ వరుస కొట్టేసినావు?"

"ఇష్టం లేదన్నది."

"అంటే ఉంటానని."

"ఉంటానని."

గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లు నాతో అందరికీ అబద్ధం చెప్పించినావు కదన్నా."

"చెప్పించినా."

"నా మోకాళ్లు బాగుండింటే నేనూ అదే కొట్టేసుంటి." లేచి మళ్లీ బండి కిందికి పోతూ అన్నాడు. "ఫోటో ఉండనీలే. ఆ మాట మాత్రం ఇంక చెప్పను."

చెప్పడం లేదు. అడిగితే 'మా అన్న' అని ఊరుకుంటున్నాడు.

వాడికి చదవని పేజీ ఒకటి ఉంది. హెలికాప్టరులో పోస్టు దిగి ఇంటికి వచ్చే దారిలో నేను ఒక రోజు ఆగాను. లాన్స్ నాయక్ ఉన్న ఆసుపత్రికి పోయాను. మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. ఉదయం పది గంటలు. వాడి కుడిచేతికి మూడు వేళ్లు లేవు. కట్టు విప్పేశారు. మంచానికి అడ్డంగా పెట్టిన చెక్క మీద ఒక కాగితం ఉంది. మెడికల్ బోర్డువాళ్లు ఇచ్చింది. అందులోనూ రెండు వరుసలు. తేలిక పని మీద కొనసాగడానికి ఇష్టం ఉంది, ఇష్టం లేదు.

"నేనొక మాట చెప్పాల" అన్నాను. "ఆ పొద్దు ఆరు గంటల ఓకే నువ్వు చెప్పలేదు. నేనే ముందుగా రాసినా."

"తెలుసన్నా. విచారణకు వచ్చినోళ్లు చెప్పినారు."

"కోపం లేదా?"

"ఉండాది. పెన్ను అందియ్."

అందించాను. ఎడమచేత్తో పట్టుకున్నాడు. పలక మీద అక్షరాలు దిద్దేవాడిలాగా గట్టిగా పట్టుకున్నాడు. పెన్ను పెట్టగానే నున్నటి చెక్క మీద కాగితం జరిగింది.

"జరుగుతాంది. గట్టిగా పట్టుకోప్పా."

రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. వాడు 'ఇష్టం లేదు' అనే వరుస మీద గీత మొదలుపెట్టాడు. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఊపిరి బిగబట్టి లాగాడు. గీత వంకరగా పైకి పోయింది, కిందికి దిగింది. అక్షరాలు దాటింది. ఆగలేదు. కాగితం అంచు దాకా వచ్చి, నా బొటనవేలి గోరు మీదికి ఎక్కి, అక్కడ ఆగింది.